లెగో ఇటుకలతో కట్టిన పెద్ద రోబో తుంటి దగ్గర కూలిపోతుంటే ఏమి చేయాలి?

మీరు బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నామని, ఏడో తరగతి చదివే మీ అబ్బాయి సొంత ఊహతో లెగో మెకా (మనిషి ఆకారపు పెద్ద రోబో) కడుతున్నాడని రాశారు. జానెడు ఎత్తున్నప్పుడు చక్కగా నిలబడిన బొమ్మ, మూరెడు ఎత్తుకు పెంచేసరికి తుంటి దగ్గర ముందుకు వాలి పడిపోతోందన్నారు. జిగురు పెట్టమంటారా, ఖరీదైన సెట్ కొనమంటారా అని అడిగారు.

రెండూ వద్దండి. కావలసిందల్లా తుంటిని మళ్లీ కట్టడం. ఉద్యోగం కోసం ఈ ఊరికి వచ్చినప్పటి నుంచి నేనూ ఇలాంటి మెకాలే కడుతున్నాను. ఇప్పుడు మా మేనకోడలు కూడా పక్కన కూర్చుని కడుతోంది. పెద్ద బొమ్మల్లో కూలేది దాదాపు ఎప్పుడూ తుంటే.

ముందు లెక్క చూడండి. జానకు రెండింతలు మూర. బొమ్మను అన్ని వైపులా రెండింతలు చేస్తే పట్టే ఇటుకలు, వాటితో పాటు బరువు, ఎనిమిదింతలవుతాయి. చేతులు, భుజాలు తుంటి నుంచి రెండింతల దూరానికి జరుగుతాయి కాబట్టి తుంటి కీలును వంచే బలం పదహారింతలవుతుంది. కీలు మాత్రం పాత కీలే. పెట్టెలో దొరికిన, గుండు గుంటలో తిరిగే బాల్ జాయింట్‌నే పెద్ద బొమ్మకూ పెట్టి ఉంటాడు. అది ఓడిపోవడంలో వింత లేదు. ఈ లెక్కను మీ అబ్బాయికి కాగితం మీద వేసి చూపించండి, తప్పకుండా అర్థమవుతుంది.

2014లో మిక్సెల్స్ అనే చిన్న లెగో బొమ్మల సెట్లతో వచ్చిన చిన్న బాల్ జాయింట్లు జానెడు లోపు బొమ్మలకు అద్భుతంగా సరిపోతాయి. అంతకు మించితే చేతులకు, మెడకు వాడుకోవచ్చు, కాళ్లకు వద్దు. ఆ తరువాతి మెట్టు క్లిక్ హింజ్ అనే మడత కీలు. ఇది 22.5 డిగ్రీలకు ఒకసారి టక్కుమని పళ్లలో కూర్చుంటుంది. ఒక్కటి పెట్టి సరిపెట్టకుండా పక్కపక్కనే రెండో మూడో పెడితే బరువు పంచుకుంటాయి. మోకాళ్లకు ఇది చాలు.

మూరెడు మెకాకు నా సలహా, తుంటిలో వార్మ్ గేర్. టెక్నిక్ (లెగోలో గేర్లు, ఇరుసులు ఉండే శ్రేణి) భాగాల్లో మర చుట్లున్న చిన్న గొట్టంలా ఉంటుంది. దాన్ని 24 పళ్ల గేరుకు ఆనించి బిగించాలి. వార్మ్‌ను ఒక చుట్టు తిప్పితే గేరు ఒక్క పన్నే కదులుతుంది, అంటే కాలు 15 డిగ్రీలు జరుగుతుంది. దీని గొప్పతనం వెనక్కి తిరగకపోవడంలో ఉంది. మీరు వార్మ్‌ను తిప్పితే కాలు కదులుతుంది, కాలు మీద ఎంత బరువు పడ్డా వార్మ్ కదలదు. అందుకే బొమ్మ ఏ భంగిమలో ఆపితే ఆ భంగిమలోనే నిలుస్తుంది. రెండు ఇరుసుల మధ్య దూరం సరిగ్గా 2 స్టడ్లు (ఇటుక మీది బొడిపెలు), అంటే 16 మిల్లీమీటర్లు, కాబట్టి చుట్టూ రంధ్రాలున్న కడ్డీల్లాంటి లిఫ్టార్మ్‌లతో చట్రం కట్టడం సులువే. రెండు విషయాలు మరిచిపోకూడదు. వార్మ్ ఇరుసు మీద అటూ ఇటూ జారుతుంది, రెండు వైపులా చిన్న రింగుల్లాంటి బుష్‌లు బిగించాలి. కాలు మోసే ఇరుసును ఒకవైపే పట్టుకుంటే అది వంగుతుంది, గేరుకు రెండు పక్కలా చట్రం ఉండాలి. ఈ ఒక్క భాగం మీద ఎన్ని సాయంత్రాలు గడిపినా వృథా కాదు.

చీలమండల్లో పెద్ద కదలిక ఆశించకండి. బొమ్మ మొత్తం బరువు వాటి మీదే ఉంటుంది. పాదం వెడల్పుగా, మడమ వెనక్కి పొడుచుకు వచ్చేలా కట్టమనండి. బరువు కేంద్రం నుంచి కిందికి గీసిన గీత పాదాల లోపల పడాలి. చేతిలో పెద్ద ఆయుధం పెడితే వీపున దానికి సరిపడా బరువు ఉండాలి. పిల్లలకు ఆయుధం మీదే మనసు. అది కాదనకుండా వీపు మీద రెక్కలో ఇంధన ట్యాంకో కట్టించండి, రూపమూ బాగుంటుంది.

ఇక బరువు తగ్గించడం. 2×4 ఇటుక ఒకటి సుమారు 2.3 గ్రాములు. వంద ఇటుకలతో ఛాతీని గట్టిగా నింపితే పావు కిలోకు దగ్గరవుతుంది. దాన్ని బోలుగా ఉంచి, లోపల టెక్నిక్ అస్థిపంజరం, బయట పలుచని కవచం పెట్టండి. కవచాన్ని పక్కకు తిప్పి అతికించేటప్పుడు ఒక కొలత పనికొస్తుంది: ప్లేటు (పలుచని ఇటుక) మందం 3.2 మిల్లీమీటర్లు, స్టడ్ల మధ్య దూరం 8. అయిదు ప్లేట్లు పేరిస్తే సరిగ్గా రెండు స్టడ్లకు సమానం. ఇది తెలిసినవారి కవచంలో సందులు కనిపించవు. నాకు మెకాలలో అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే.

మూరెడు బొమ్మకు ఎన్ని భాగాలు పడతాయో అంచనా కావాలంటే, 2018లో వచ్చిన వోల్ట్రాన్ అనే లెగో రోబో సెట్ ఎత్తు సుమారు 40 సెంటీమీటర్లు, భాగాలు 2,321. అది ఒక అభిమాని, సొంత నమూనాలు పంపే వేదికైన లెగో ఐడియాస్‌లో పెట్టిన ప్రతిపాదన నుంచి వచ్చింది. అంతకు ముందు 2014లో వచ్చిన ఎక్సో సూట్ కూడా పీటర్ రీడ్ అనే బ్రిటన్ అభిమాని ఆలోచనే, అందులో 321 భాగాలే ఉన్నాయి. మీ అబ్బాయి వయసు పిల్లలకు ఈ సంగతి చెబితే కళ్లు మెరుస్తాయి.

ఖర్చు గురించి. మన దేశంలో ఆట వస్తువుల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది, కాబట్టి కొత్త సెట్లు భారమే. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు అపార్ట్‌మెంట్లలో ఇల్లు మారే కుటుంబాలు పిల్లల పాత లెగో డబ్బాలు అమ్మేస్తుంటాయి. మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అడిగి చూడండి. తెచ్చాక 40 డిగ్రీలు మించని గోరువెచ్చని నీటిలో సబ్బుతో కడిగి నీడలో ఆరబెట్టండి. వేరే కంపెనీల చవక ఇటుకలు కవచానికి వాడుకోవచ్చు కానీ కీళ్లలో, చట్రంలో అసలైనవే ఉండాలి. ఏ భాగం ఎన్ని కావాలో కొనకముందే తెలియాలంటే, లెగో భాగాలు అమ్మే సైటు బ్రిక్‌లింక్ వారి స్టూడియో సాఫ్ట్‌వేర్ ఉచితం, కంప్యూటర్‌లో బొమ్మ కట్టి చూస్తే జాబితా అదే ఇస్తుంది.

జిగురు ఎందుకు వద్దంటే, మెకా కట్టడమంటే సగం విప్పడమే. అతికించిన కాలును సరిదిద్దలేరు.

ఇప్పుడున్న బొమ్మ పైభాగం తీసేసి కాళ్లు, తుంటి మాత్రమే ఉంచమనండి. పైభాగాన్ని వంటింటి త్రాసులో తూచి, అంతే బరువున్న విడి ఇటుకలను సంచిలో పోసి తుంటి మీద కట్టండి. రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకు నిలబడే ఉంటే ఆ కాళ్ల మీద ఏదైనా కట్టవచ్చు. వాలిపోతే బొమ్మను పక్క నుంచి ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను. ముందు నుంచి తీసినదానిలో బరువు ఎటు వాలిందో కనిపించదు.