పురమందిరం అంటే ఏ గుడి?

సందేహం: మా సంఘం సభకు "స్థానిక పురమందిరంలో" అని కార్డులు వేయించాం. ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి "అది ఏ గుడి?" అని అడిగారు. టౌన్‌హాల్‌ను పురమందిరం అనవచ్చా, పురభవనం అనాలా?
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

సమాధానం: మీరు వేసింది తప్పు కాదమ్మా. ఫోన్ చేసినవాళ్లదీ తప్పు కాదు. సంస్కృతంలో మందిరం అంటే ఇల్లు. అమరకోశం ఇంటికున్న పేర్లు చెబుతూ "భవనాగారమందిరమ్" అని భవనాన్నీ మందిరాన్నీ ఒకే పాదంలో కూర్చోబెట్టింది. విద్యామందిరానికి, కళామందిరానికి మనం కొబ్బరికాయ పట్టుకొని పోం కదా! కాకపోతే వాడుకలో మందిరం అనగానే మనకు రామమందిరమే గుర్తొస్తుంది. నెల్లూరులో పురమందిరం అలవాటైన మాట, అక్కడ ఎవరూ తికమకపడరు. కన్నడంలో పురభవన అంటారు. నారాయణపేట, మక్తల్ వాళ్ల చెవికి అదే దగ్గర.

తెలంగాణలో మాత్రం టౌన్‌హాల్ అనే మాటే నిలిచింది. హైదరాబాద్‌లో పబ్లిక్ గార్డెన్స్ పక్కనున్న పాత అసెంబ్లీ తెల్ల భవనం మొదట టౌన్‌హాలే. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా 1905లో పునాది వేశారు, 1913లో పూర్తయింది. పాపం, ఆయన 1911లోనే పోయాడు. 1890లో మీ పాలమూరుకు పేరిచ్చిన మహబూబ్ ఈయనే. పక్కనున్న తోటకు ఉర్దూ పేరు బాగె ఆమ్. మామిడితోట అనుకునేరు! ఈ 'ఆమ్' జనసామాన్యం, పండు కాదు.

ఆ భవనం చూస్తూ మనం చెప్పే మాటల్లోనూ పారసీ ఉంది. గుమ్మటం అక్కడి గుంబద్ నుంచి వచ్చింది. కమాను అంటే విల్లు. వంపు విల్లులా ఉంటుంది కనుక తలుపుల మీది వంపుకు ఆ పేరు. లారీ చక్రాల దగ్గరి కమాన్లదీ అదే మాట. ఇవన్నీ ఎప్పుడో తెలుగైపోయాయి, వీటికి బదులు కొత్త సంస్కృత పదాలు అల్లడం నాకు నచ్చదు.

టౌన్‌హాల్‌దీ అదే దారి. ఎవరో కచేరీ అనమని సలహా ఇస్తారేమో, వినకండి: పెద్దవాళ్లు సర్కారు ఆఫీసు అనుకుంటారు, మిగతావాళ్లు పాటలుంటాయని వస్తారు. వ్యాసం రాస్తే పురమందిరం, పురభవనం ఏదైనా వాడండి. కార్డు మీద మాత్రం "టౌన్‌హాల్లో" అనే వేయించండి, ఆటో అతనికీ అదే తెలుస్తుంది.