అమ్మమ్మ పోచంపల్లి చీర, మనవరాలి కుర్తా

ప్రశ్న: మా అమ్మమ్మ పెట్టెలో ఏళ్ల తరబడి మడతపెట్టి ఉన్న పోచంపల్లి చీరతో నేను కుర్తా కుట్టించుకున్నాను. కాలేజీలో అందరూ మెచ్చుకున్నారు గాని, ఇంట్లో మాత్రం ‘సంప్రదాయాన్ని ఫ్యాషన్ పాలు చేశావు’ అని నొచ్చుకున్నారు. ఫ్యాషన్ నిజంగా సంప్రదాయానికి శత్రువేనా? చరిత్రలో దానికి మోజు అన్న పేరు తప్ప మరే విలువా లేదా?
– ఒక డిగ్రీ విద్యార్థిని, దేవరకొండ

జవాబు: మీ ఇంట్లోవారి బాధ అర్థం చేసుకోదగినదే గాని, దానికి వారు చెప్పిన కారణం సరైనది కాదని నా అభిప్రాయం. పోచంపల్లికి ఆ చిటికి పని, అంటే దారాలకు ముందే కట్లు కట్టి రంగు వేసి నేసే ఇకత్ నేత, అనాదిగా ఉన్నది కాదు. చీరాల వైపు నుంచి గత శతాబ్దపు తొలి దశాబ్దాల్లో అది ఇక్కడికి చేరింది. పోచంపల్లిలో పట్టు చీరలు నేయడం స్వాతంత్ర్యం వచ్చిన తర్వాతి మాట. అంటే మీ అమ్మమ్మ ఆ చీర కొన్ననాడు ఆమె కట్టుకున్నది ఆనాటి కొత్త ఫ్యాషన్‌నే అయి ఉండవచ్చు.

పుట్టపాక నేతకారులు నేసే తేలియా రుమాలు చరిత్ర చూస్తే ఈ సంగతి మరింత స్పష్టమవుతుంది. గింజ తీసేసిన ఆముదపు కాయల పొట్టును కాల్చి, ఆ బూడిద నీటిలోనూ నూనెలోనూ నూలును రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెట్టి, ఆ తర్వాతే రంగు ఎక్కిస్తారు. ఎరుపు, నలుపు, తెలుపు గళ్లలో వచ్చే ఆ గుడ్డను ఒకప్పుడు అరబ్బు దేశాలవారు తలకు చుట్టుకునేవారు. నూనె పట్టిన నూలు ఎండలో చల్లగా ఉండటమే దాని గిరాకీకి మూలం. ఆ గిరాకీ తగ్గిన తర్వాత అదే గుడ్డ చున్నీగా, చీరగా మారి మన ఆడవారి భుజం మీదికి వచ్చింది. 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ నేత ఈనాటికీ బతికి ఉన్నదంటే, కట్టుకునేవారు మారినప్పుడల్లా రూపం మార్చుకోగలిగింది కాబట్టే.

ఇక దుస్తులకు చరిత్రలో ఉన్న స్థానం గురించి. ఎవరు ఏమి తొడుక్కోవచ్చో నిర్ణయించే హక్కు ఎప్పుడూ అధికారం చేతిలోనే ఉండేది. ఇంగ్లండులో 1363లో అంతస్తును బట్టి ఎవరు ఏ గుడ్డ కట్టాలో చట్టమే చేశారు. మన దగ్గర చట్టం అవసరం కూడా లేకపోయింది. నిజాం కాలంలో హైదరాబాదు కొలువులో షేర్వానీ, రూమీ టోపీ మర్యాదకు గుర్తులు కాగా, అదే కాలంలో నల్లగొండ పల్లెల్లో కింది కులాలవారు దొర ఉండే గడీ ముందు నుంచి పోవలసి వస్తే చెప్పులు విడిచి చేతపట్టుకుని, తలరుమాలు తీసి నడవవలసి వచ్చేది. 1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటాన్ని మనం భూమి, వెట్టి, పన్నుల మాటగానే చెప్పుకుంటాము గాని, కాళ్లకు చెప్పులతో, తల మీద రుమాలుతో గడీ దాటి నడవగలగడం కూడా ఆ జనం గెలుచుకున్నదే. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు గొంతు పూడుకుపోతుంది. అందుకే బట్టల మాటను ‘మోజు’ అని కొట్టిపారేయడం నాకు ఇష్టం ఉండదు.

అయితే మీ ఇంట్లోవారి పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. చిటికి చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. ఒక్క చీరకే దారాన్ని పట్టుకుని మేకుల చుట్టూ సుమారు 9,000 సార్లు చేయి ఆడించాలి. ఇళ్లలో ఆ పని ఆడవారిదే. తల్లి భుజాల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం కనిపెట్టిన ఆసు యంత్రానికి 2017లో పద్మశ్రీ గౌరవం దక్కింది. ఆసు తర్వాత నమూనా ప్రకారం దారాలకు రబ్బరు పేలికలు బిగించి కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టాలి. కట్టు ఉన్నచోట రంగు దిగదు, కాని అంచున కొద్దిగా పాకుతుంది. మీ కుర్తా మీది పువ్వు అంచులు కొంచెం చెదిరినట్లు కనిపించేది అందుకే. అంత శ్రమతో వచ్చిన గుడ్డకు కత్తెర పడితే పెద్దలకు ప్రాణం చివుక్కుమనడం సహజం. వారు సంప్రదాయం అంటున్నది ఆ శ్రమనేనని నాకు అనిపిస్తోంది.

కాబట్టి మిగిలిన కొంగు ముక్కను పారవేయకుండా దాచండి. ఇకపై కుర్తాకు కావాలంటే నేతకారులు మీటర్ల లెక్కన అమ్మే డ్రెస్ మెటీరియల్ కొనండి. కొనేటప్పుడు గుడ్డను తిరగేసి చూడండి: నేసినదైతే రెండు వైపులా నమూనా ఒకేలా ఉంటుంది, పోచంపల్లి నమూనా అచ్చు వేసినదైతే వెనుక వైపు వెలవెలబోతుంది.