క్రయో ల్యాబ్‌ల చేరిన మా బిడ్డకు

బిడ్డా,

నిట్‌ల పీహెచ్‌డీ సీటు వచ్చిందని మీ నాయన ఫోన్ చేసి చెప్పంగనే మస్తు సంబరమైంది, అందుల టాపిక్ క్రయోప్రిజర్వేషన్, అంటే బతికున్న సెల్స్‌ను గడ్డకట్టించి దాచుడు, అనేసరికి నాకైతే ఆ రాత్రి నిద్రే పట్టలే, నేను సుత ఏండ్లకేండ్లు గదే పని చేసిన కదా. ఫోన్ల చెప్తే మర్చిపోతవని రాస్తున్న, జర పూరా చదువు.

అన్నిటికన్నా ముందు ఒకటి. సెల్స్ కరిగించినంక వెంటనే వచ్చిన వయబిలిటీ నెంబర్‌ను (నూటికి ఎన్ని బతికున్నయనే లెక్కను) నమ్మకు. నేను నమ్మి మోసపోయిన. ఒకసారి మధ్యాహ్నం వయల్స్ (సెల్స్ ఉన్న చిన్న సీసాలు) కరిగించి ట్రైపాన్ బ్లూ అనే నీలం రంగు వేసి లెక్కపెడితే నూటికి 88 సెల్స్ మంచిగ మెరుస్తున్నయ్, నీలం ఎక్కినయి తక్కువ, ఉరుక్కుంట పోయి మా గైడ్ సార్‌కు చెప్పిన. తెల్లారి ఇంక్యుబేటర్ తీసి చూస్తే ప్లేట్ అడుగుకు అతుక్కున్నయ్ పావు వంతు సుత లేవు, మిగిలినయన్నీ మీద తేలుతున్నయ్. ఆ రంగు పొర చిరిగిన సెల్‌కే ఎక్కుతది, లోపల దెబ్బ తిని చావుకు తయారైన సెల్‌ను పట్టియ్యదు, ఆ చావు బయటపడనీకి ఒక రోజు దాక పడ్తది. ఇంకోటి, మొత్తమే పగిలి మాయమైన సెల్స్ పర్సెంటేజ్‌ల కనిపియ్యనే కనిపియ్యవు, అందుకే గడ్డకట్టించేటప్పుడు ఎన్ని పెట్టినవ్, 24 గంటల తర్వాత ఎన్ని బతికున్నయ్, ఈ రెండు రాసుకో. గైడ్ ఎంత తొందరపెట్టినా అది చూడకుండ రిజల్ట్ అని చెప్పకు.

చల్లబెట్టుడు సంగతి నువ్వు చదివే ఉంటవ్, మజూర్ అనే సైంటిస్టు వాళ్లు 1972ల చెప్పిందే, మెల్లగ చల్లబెడితే సెల్‌ల నీళ్లు బయటికి పోయి ఉప్పు పెరిగి సెల్ ముడుచుకపోతది, తొందరగ చల్లబెడితే లోపలనే ఐస్ కడ్తది, అందుకే చానా సెల్స్‌కు నిమిషానికి 1 డిగ్రీ. గని ఐసోప్రొపనాల్ (ఒక తీరు ఆల్కహాల్) నింపిన డబ్బాల పెట్టి మైనస్ 80 ఫ్రీజర్‌ల పెట్టినం కదా, 1 డిగ్రీయే వస్తది అనుకోవద్దు. అందరూ వాడే డబ్బా, ఐదు సార్లు వాడినంక ఐసోప్రొపనాల్ మార్చాలె, ఎవ్వరూ మార్చరు. వయల్‌ల థర్మోకపుల్ (టెంపరేచర్ కొలిచే సన్న తీగ) పెట్టి గ్రాఫ్ తీస్తే తెలుస్తది, మైనస్ 10 దాక నీళ్లుగనే ఉండి ఒక్కసారి గడ్డకడ్తది, అప్పుడు టెంపరేచర్ ఎగిరి పైకి వస్తది, గ్రాముకు 334 జౌల్స్ వేడి బయటికి రావాలె మరి. 1 మిల్లీ వయల్‌ల అది సర్దుకుంటది, 50 మిల్లీల బ్యాగుల అంచు ఒక తీరు నడుమ ఒక తీరు ఉంటది. నువ్వు కెమికల్ ఇంజనీరింగ్ చదివినవ్, బయాలజీ నుంచి వచ్చినోళ్లకు కనిపియ్యంది నీకు ఇక్కడనే కనిపిస్తది, నా లెక్కల నీ థీసిస్ అంతా ఆ బ్యాగు నడుమనే ఉన్నది.

డీఎంఎస్‌ఓ (గడ్డకట్టేటప్పుడు సెల్స్‌ను కాపాడే మందు) కలిపినంక సెల్స్‌ను గది వేడిల ఉంచి చాయ్‌కి పోకు, వేడిల అదే సెల్స్‌కు విషమైతది. ఆ రోజు నా సెల్స్ సచ్చింది గందుకే, కలిపినంక ఇరవై నిమిషాలు బల్ల మీదనే వదిలేసిన, అది సుత మే నెల.

కరిగించుడు మాత్రం తొందరగ కావాలె. మన ఊర్ల గోపాలమిత్ర బర్రెకు సూది వేసే ముందు స్ట్రాను (గడ్డకట్టిన వీర్యం ఉన్న సన్న గొట్టాన్ని) ద్రవ నైట్రోజన్ క్యాన్ల నుంచి తీసి 37 డిగ్రీల నీళ్లల్ల అర నిమిషం ముంచుతడు చూడు, మెల్లగ కరిగితే చిన్న ఐస్ గింజలు కలిసి పెద్దగయితయ్ గదా, అందుకే ఆ తొందర. ఒకరోజు ఆయన ఎంబడి తిరుగు, చేతి పని నేర్చుకుంటవ్.

నైట్రోజన్‌తోని పైలం. మైనస్ 196. క్యాన్ మూసిన గదిల నింపకు, ఆవిరైతే ఏడు వందల రెట్లు పెరుగుతది, ఆక్సిజన్‌ను నెట్టేస్తది, వాసన రాదు, మనిషికి తెల్వకుండనే పడిపోతడు. వయల్ తీసేటప్పుడు ముఖానికి షీల్డ్ పెట్టుకో, మూత వదులుంటే లోపలికి నైట్రోజన్ పోయి పేలుతది.

దసరాకు హన్మకొండకు వస్తవ్ కదా, నా పాత సన్న థర్మోకపుల్స్ నాలుగు బీరువాల పెట్టిన, పట్టుకపో. వచ్చేటప్పుడు నీ మొదటి గ్రాఫ్ ప్రింట్ తీసుకరా, ఫోన్ల చూస్తే నాకు కండ్లకు ఆనదు.

మీ పెద్దమ్మ