ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్లలో నడిచే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్) బిల్డ్ స్క్రిప్టుతో కాన్ఫిగ్‌లో వైఫై డ్రైవర్ లైను రాశాను, డెఫ్‌కాన్ఫిగ్ తర్వాత అది మాయమవుతోంది. ఎందుకు?

మీరు కేమాడ్-ఎంటీ76ఎక్స్2యూ (యూఎస్‌బీ వైఫై డాంగిల్‌కు డ్రైవర్ ప్యాకేజీ) లైనును 'వై' అని, ఏమేం బిల్డ్ చేయాలో చెప్పే డాట్ కాన్ఫిగ్ ఫైల్లో చేర్చి, ఆ ఫైల్‌ను సరిచూసి పూర్తి చేసే మేక్ డెఫ్‌కాన్ఫిగ్ కమాండ్ కొట్టారు. ఆ లైను ఎగిరిపోయింది, ఎర్రర్ కూడా రాలేదు. అక్కడ జరిగేది ఇదీ: ఆ ఫైల్లో మనం రాసేది అర్జీ లాంటిదండీ. డెఫ్‌కాన్ఫిగ్ ప్రతి లైనుకూ డిపెండెన్సీలు (అది ఉండాలంటే తీరాల్సిన షరతులు) చూసి, ఒక్కటి కుదరకపోయినా దాన్ని చప్పుడు చేయకుండా తీసేస్తుంది. పేరులో ఒక్క అక్షరం తప్పినా అంతే.

గుంటూరు బ్రాడీపేటలో మా మేడ మీద కోచింగ్ పిల్లలు అద్దెకుంటారు. వాళ్ల కోసం, అసలు వైఫై రేడియోనే లేని ఒక వైర్డ్ రౌటరుకు డాంగిల్ తగిలించి ఫర్మ్‌వేర్ (రౌటరు లోపలి సాఫ్ట్‌వేర్) నేనే బిల్డ్ చేశాను. కాబట్టి ఈ తిప్పలు నాకు బాగా తెలుసు.

ముందు మేక్ మెనూకాన్ఫిగ్ (బిల్డ్ సెట్టింగుల మెనూ) తెరిచి స్లాష్ కీ నొక్కి డ్రైవర్ పేరు వెతకండి. 'డిపెండ్స్ ఆన్' అనే వరుసలో ఏ షరతు దగ్గర 'ఎన్' ఉందో కనిపిస్తుంది, మీ జవాబు అక్కడే ఉంటుంది. చాలాసార్లు కారణం టార్గెట్, అంటే మీ రౌటరు ఏ చిప్ కుటుంబానికి చెందిందన్నది. మీ స్క్రిప్టులో టార్గెట్, డివైస్ లైన్లు లేకపోతే డెఫ్‌కాన్ఫిగ్ తనకు తోచిన డిఫాల్ట్ టార్గెట్ తీసుకుంటుంది. ఆ లైన్లు ఫైల్లో తప్పనిసరిగా ఉండాలని నేను పట్టుబడతాను, ఎందుకంటే వాటి మీదే మిగతావన్నీ ఆధారపడతాయి. తర్వాత డాంగిల్ లోపలి చిప్ చూడండి. ఎంటీ7612యూ అయితే మీరు రాసిన డ్రైవరే, ఎంటీ7610యూ అయితే ఎంటీ76ఎక్స్0యూ. డబ్బా మీది మోడల్ నంబర్‌ను నమ్మొద్దు. టీపీ-లింక్ డబ్ల్యూఎన్722ఎన్ మొదటి వెర్షన్‌లో అథిరోస్ చిప్ ఉండేది, తర్వాతి వెర్షన్లలో రియల్‌టెక్ వచ్చింది. పేరు మాత్రం అదే! లినక్స్ లాప్‌టాప్‌కి గుచ్చి, యూఎస్‌బీ పరికరాలను చూపే ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్ కొడితే అసలు సంగతి తెలుస్తుంది.

ఇప్పుడు స్క్రిప్టు సంగతి. డెఫ్‌కాన్ఫిగ్ అయ్యాక, కంపైల్ మొదలుకాకముందే, గ్రెప్‌తో (ఫైల్లో పదాలు వెతికే కమాండ్) ఆ లైను మిగిలిందా అని చూసి, లేకపోతే అక్కడే ఆగిపోయేలా రాయండి. ఈ చెకింగ్ లేకుండా ఎవరూ బిల్డ్ మొదలుపెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. మొదటి కంపైల్‌కి గంటలు పడుతుంది, మధ్యలో కరెంటు పోతే ఇక టెన్షనే. చివరికి డ్రైవర్ లేని ఇమేజ్ (రౌటరులోకి ఎక్కించే ఫర్మ్‌వేర్ ఫైలు) చేతికొస్తే ఎవరికైనా మనసు విరిగిపోతుంది.

'ఎమ్' కాకుండా 'వై' పెట్టారు, మంచిది. 'ఎమ్' అయితే ప్యాకేజీ విడిగా తయారవుతుంది కానీ ఇమేజ్‌లోకి రాదు. సొంతంగా కట్టిన కర్నెల్‌కి అధికారిక రిపోజిటరీలోని కేమాడ్‌లు, అంటే డ్రైవర్ మాడ్యూళ్లు, సాధారణంగా పొసగవు, తర్వాత ఇన్‌స్టాల్ చేద్దామంటే ఒప్పుకోదు.

రేడియో లేని రౌటరైతే ఇంకొకటి: యాక్సెస్ పాయింట్‌ను (ఫోన్లు కనెక్ట్ అయ్యే వైఫైని) నడిపే డబ్ల్యూపీఏడీ ప్యాకేజీ దానికి డిఫాల్ట్‌గా రాదు. డ్రైవర్ లోడ్ అవుతుంది, రేడియో కనిపిస్తుంది, కానీ యాక్సెస్ పాయింట్ లేవదు. డబ్ల్యూపీఏడీ-బేసిక్-ఎంబెడ్‌టీఎల్ఎస్ కూడా చేర్చండి. బూట్ అయ్యాక వైఫై డిఫాల్ట్‌గా ఆపి ఉంటుంది. వైర్‌లెస్ కాన్ఫిగ్‌లో డిసేబుల్డ్ విలువ సున్నా చేసి, కంట్రీ కోడ్ ఐఎన్ పెట్టాలి. ఇవి ప్రతిసారీ చేతితో చేయకుండా ఫైల్స్ ఫోల్డర్‌లో యూసీఐ-డిఫాల్ట్స్ స్క్రిప్టుగా పెట్టుకోవచ్చు. అది మొదటి బూట్‌లో నడిచి, సరిగ్గా ముగిస్తే తనంతట తానే చెరిగిపోతుంది. డాంగిల్ అప్పటికి గుచ్చి లేకపోతే మాత్రం రేడియో సెక్షనే పుట్టదు, గుచ్చాక వైఫై కాన్ఫిగ్ కమాండ్ కొట్టండి.

మీకు కావాల్సింది ఈ డ్రైవర్ ఒక్కటే అయితే, సోర్సు కంపైల్ బదులు అధికారిక ఇమేజ్ బిల్డర్ (ముందే కంపైల్ చేసిన ప్యాకేజీలతో ఇమేజ్ తయారుచేసే సాధనం) వాడండి. ప్యాకేజీల వరుసలో డ్రైవర్, డబ్ల్యూపీఏడీ పేర్లు రెండూ ఇస్తే చాలు, కర్నెల్ గొడవ ఉండదు, పని నిమిషాల్లో అయిపోతుంది. సోర్సులో మార్పులు చేయాల్సి వస్తేనే ఇంత దూరం వెళ్లండి.