చక్రవర్తి అనే మాటలో చక్రం ఎందుకుంది?

చిన్నప్పుడు నాకు చక్రవర్తికీ చక్రవడ్డీకీ తేడా తెలిసేది కాదండీ, తాతయ్య అరుగు మీద కూర్చుని చక్రవడ్డీ చక్రవడ్డీ అని తల పట్టుకుంటుంటే ఎవడో పెద్ద రాజు కాబోలు అనుకునేవాణ్ణి. తర్వాత స్కూల్లో సారు ‘రాజ్యం చుట్టూ చక్రంలా తిరిగేవాడు’ అని చెప్పి వదిలేశారు. తిరిగేది రాజు కాదండీ, చక్రం.

సంస్కృతంలో వృత్ ధాతువుకి తిరగడం అని అర్థం, ఎవరి రథచక్రం ఎక్కడా అడ్డు లేకుండా దొర్లుతుందో ఆయన చక్రవర్తి. చక్రం అంటే రాజ్యమండలం అని కూడా ఉంది కాబట్టి దాన్ని నడిపేవాడు అనీ చెప్తారు. అమరకోశమనే పాత సంస్కృత నిఘంటువులో చక్రవర్తి, సార్వభౌముడు ఒకటే, సామ్రాట్టుకి మాత్రం రాజసూయం చేసుండాలని కండిషన్.

నాకు నచ్చింది మాత్రం బౌద్ధుల కథ. వాళ్ల గ్రంథాల పాలీ భాషలో చక్కవత్తి అంటారు. దివ్యచక్రం ముందు దొర్లుకుంటూ పోతుంటే రాజు సైన్యంతో దాని వెనకాల వెళ్తాడు, ఎదుటి రాజులు యుద్ధం లేకుండానే రండి మహారాజా అంటారు. ఆయన సన్యాసం తీసుకుని కొడుకు గద్దెనెక్కిన ఏడో రోజుకి చక్రం మాయం, కొడుకు ఏడుస్తూ వెళ్తే అది మీ నాన్న ఆస్తి కాదు నాయనా, ధర్మంగా ఏలితే నీకూ వస్తుంది అంటాడు తండ్రి. (మన రాజకీయ వారసులకి ఎవరైనా చదివి వినిపిస్తే బాగుణ్ణు.)

ఈ కథంతా బుర్రలో పెట్టుకుని ఒకసారి చెన్నై ఎగ్మోర్ మ్యూజియంకి వెళ్లా, జగ్గయ్యపేట బౌద్ధ స్తూపం దగ్గర 1882లో బర్జెస్ అనే బ్రిటిష్ పురావస్తు అధికారి తవ్వించిన రాళ్లలో ఒకటి అక్కడుంది, మాంధాత చక్రవర్తిది అంటారు. రాజు కుడిచెయ్యి పైకెత్తి నిలబడితే పైనుంచి డబ్బులు రాలుతున్నాయి, గుండ్రంగా కాదు, చదరంగా, అప్పటి నాణేలు చాలావరకు అలాగే ఉండేవి కదా. పక్కన చక్రం, ఏనుగు, గుర్రం. మన పాత కృష్ణా జిల్లా (ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా) రాయి అక్కడెక్కడో ఉందే అని కాసేపు కడుపు మండింది లెండి.

ఇంకోటి, మనం నోరు తెరిస్తే అశోక చక్రవర్తి అంటాం గానీ ఆయన శాసనాల్లో తనని ఆ మాటతో చెప్పుకోలేదు, దేవానాం పియ (దేవతలకి ఇష్టమైనవాడు), పియదసి, రాజా, అంతే. భువనేశ్వర్ దగ్గర ఉదయగిరి గుహలో కళింగ రాజు ఖారవేలుడి పట్టపురాణి వేయించిన శాసనంలో మాత్రం ఆ మాట కనిపిస్తుంది, మొగుణ్ణి కళింగ చక్రవర్తి అని రాయించింది. అశోకుడు గెలిచిన ఆ కళింగే.