పాత కంప్యూటర్లు చూసే ఉద్యోగం, అమ్మాయిని మానిపించాలా?

గాజువాక నుంచి ఒక నాన్నగారు పెద్ద మెసేజే పెట్టారు. వాళ్ళమ్మాయి ఈసీఈ చేసి 2024లో బయటికొచ్చింది, పరవాడ వైపు కంపెనీలకి ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) మీద కంప్యూటర్లు చూసే ఒక చిన్న కాంట్రాక్టర్ దగ్గర చేరింది, జీతం 18 వేలు. పనేంటంటే విండోస్ 7, అక్కడక్కడ ఎక్స్‌పీ కూడా ఉన్న మెషీన్లు పడిపోకుండా చూసుకోవడం. పిల్లకి నచ్చింది. చుట్టాలేమో "అది పాత ఇనప సామాన్ల కొట్లో పనిలాంటిది, హైదరాబాద్ పంపించి ఏఐ కోర్సు చేయించండి" అంటున్నారట. వైజాగ్‌కి గూగుల్ డేటా సెంటర్ వస్తుంటే మా అమ్మాయి ఎక్స్‌పీ ముందు కూర్చోవడం ఏంటి సార్, మానిపించేయమంటారా అని అడిగారు.

మానిపించకండి సార్. ఇప్పుడప్పుడే వద్దు. అలాగని అక్కడే ఉండిపొమ్మని కూడా అనట్లేదు, ఎన్నాళ్ళుండాలో ఒక లెక్కుంది, చెప్తాను.

ముందు ఆ పాత మెషీన్లు అక్కడ ఎందుకున్నాయో చూద్దాం, ఓనర్ పిసినారి అని అందరూ అనుకుంటారు, కొన్నిచోట్ల అదీ నిజమేలెండి. కానీ ఫార్మా ల్యాబ్ తీసుకోండి. హెచ్‌పీఎల్‌సీ అని మందులో ఏది ఎంతుందో కొలిచే యంత్రం ఉంటుంది, దాని పక్కన కంప్యూటర్. ఆ యంత్రం, ఆ సాఫ్ట్‌వేర్, ఆ విండోస్ మూడూ కలిపి ఒక సెట్‌గా వ్యాలిడేషన్ చేసి, అంటే సరిగ్గా పనిచేస్తున్నాయని పరీక్షించి రుజువు చేసి, కాగితాల మీద సంతకాలు పెట్టి ఉంచుతారు. అమెరికాకి మందులు పంపేవాళ్ళకి 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 అని 1997 నుంచీ రూలుంది, ఎలక్ట్రానిక్ రికార్డుల్ని ఎవరు ఎప్పుడు ముట్టుకున్నారో ఆడిట్ ట్రెయిల్ ఉండాలి. విండోస్ మార్చారంటే మళ్ళీ ఆ వ్యాలిడేషన్ పని మీద పడుతుంది, యంత్రం అమ్మిన కంపెనీ కొత్త విండోస్‌కి సాఫ్ట్‌వేర్ ఇవ్వకపోతే యంత్రమే మార్చాలి. అంచేత అది అక్కడే ఉంటుంది, దాన్ని చూసే మనిషి కావాలి. ప్లాంట్లు, రిఫైనరీ, పోర్టు, షిప్‌యార్డు ఉన్న ఊరు మనది, యంత్రం ఇరవై ముప్పై ఏళ్ళు తిరగాలని కొంటారు, దాని కంప్యూటర్ ఆయుష్షేమో పదేళ్ళు. ఈ తేడాలోనే మీ అమ్మాయికి పని.

ఇక ప్యాచ్ సంగతి, అంటే సాఫ్ట్‌వేర్‌లో కన్నాలు మూసే అప్‌డేట్. ఎక్స్‌పీ 2001లో వచ్చింది, 2014 ఏప్రిల్ 8తో మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది. విండోస్ 7కి 2020 జనవరి 14న ఆగింది, డబ్బు కట్టిన కంపెనీలకి 2023 జనవరి దాకా ఇచ్చారు. ఆగితే మెషీన్ ఆగిపోదు, బయటపడే కొత్త కన్నాలకి మాట్లు వేసేవాడు ఉండడు అంతే. అలాగని పాతదంతా ప్రమాదం, కొత్తదంతా క్షేమం అనుకోకండి. 2017 మే 12న వన్నాక్రై అనే, ఫైళ్ళకి తాళం వేసి డబ్బులడిగే వైరస్ ప్రపంచమంతా పాకింది, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్నిటికీ తగిలిందని అప్పట్లో పేపర్లలో వచ్చింది. అందులో దెబ్బతిన్నవి ఎక్కువ విండోస్ 7 మెషీన్లు, అప్పటికి సపోర్ట్ ఉన్నవే! దాని ప్యాచ్ మార్చి 14నే వచ్చేసింది, రెండు నెలలు ఎవరూ ఎక్కించలేదు. సపోర్ట్ ఆగి మూడేళ్ళైన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ఆ మర్నాడు స్పెషల్‌గా ప్యాచ్ ఇచ్చింది. పట్టించుకున్న పాత మెషీన్ కంటే గాలికొదిలేసిన కొత్త మెషీనే పెద్ద తలనొప్పి, మీ అమ్మాయి నేర్చుకుంటున్నది ఆ పట్టించుకోవడమే.

బయటికి ఇది ఫార్మాట్ కొట్టే పనిలా కనిపిస్తుంది. ఊరికే ఒక ముక్క చెప్తాను. ఇవాళ విండోస్ 7 డీవీడీ పెట్టి కొత్తగా ఎక్కించి అప్‌డేట్ నొక్కితే అది రాదు, ఎందుకంటే అప్‌డేట్ల మీద పెట్టే డిజిటల్ సంతకం పద్ధతి 2019లో షా-1 అనే పాతదాని నుంచి షా-2 అనే కొత్తదానికి మారింది, ముందు సర్వీస్ ప్యాక్ 1, తర్వాత సర్వీసింగ్ స్టాక్ (అప్‌డేట్లు ఎక్కించే భాగం) ప్యాచ్, షా-2 ప్యాచ్ చేత్తో ఎక్కిస్తే గానీ మిగతావి దిగవు. ఇది తెలియని కుర్రాడు రోజంతా కూర్చుంటాడు. ప్యాచ్ అసలే లేనిచోట ఇంకో రకం పని: నెట్‌వర్క్‌లో మిగతావాటికి తగలకుండా వీలాన్ అనే వేరే గదిలాంటిదాంట్లో పెట్టడం, ఎస్ఎంబీ (విండోస్ మెషీన్లు ఫైళ్ళు పంచుకునే పద్ధతి) పాత వెర్షన్ ఆపడం, పెన్‌డ్రైవ్ పోర్టులు మూయడం, డిస్క్ పోకముందే దాని పూర్తి ఇమేజ్ (మక్కీకి మక్కీ నకలు) తీసి దాన్ని ఇంకో డిస్క్ మీదకి ఎక్కించి బూట్ అవుతోందో లేదో చూడటం (ఈ చివరిది చాలామంది చెయ్యరు, డిస్క్ పోయినరోజు ఏడుస్తారు). మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ అయిపోయి తేదీ వెనక్కెళ్ళిపోతే ఇందాక చెప్పిన ఆడిట్ ట్రెయిల్ అంతా గోవిందా.

నా సొంత కథ ఒకటుంది. ఈ కౌన్సెలింగ్‌లోకి రాకముందు ద్వారకానగర్‌లో హార్డ్‌వేర్ పని చేసేవాణ్ణి. ఒక ఫ్యాక్టరీలో, పేరెందుకులెండి, లారీలు తూచే వే బ్రిడ్జ్ దగ్గరున్న ఎక్స్‌పీకి సర్వీస్ ప్యాక్ ఎక్కించి, పనిలో పనిగా వైర్లు గజిబిజిగా ఉన్నాయని అన్నీ తీసి నీట్‌గా సర్దాను. అయ్యేసరికి స్క్రీన్ మీద బరువు సున్నా. సర్వీస్ ప్యాకే తేడా చేసిందనుకుని మూడు గంటలు దాన్ని తియ్యడంలో పడ్డాను, లారీలు గేటు దాటి రోడ్డు దాకా నిలబడిపోయాయి, డ్రైవర్లు నన్ను తిట్టని తిట్టు లేదు. చివరికి కాటా దగ్గర చీటీలు రాసే పెద్దాయన "బాబూ, ఆ వైరు ఇంతకుముందు కింద కన్నంలో ఉండీది కదా" అన్నాడు. నేను కాటా నుంచి వచ్చే సీరియల్ కేబుల్ కన్వర్టర్‌ని ఇంకో యూఎస్‌బీ పోర్ట్‌లో పెట్టాను, విండోస్ దానికిచ్చే నంబరు కామ్ 3 కాస్తా కామ్ 5 అయింది, సాఫ్ట్‌వేరేమో కామ్ 3నే చూస్తూ కూర్చుంది. అప్పట్నుంచీ ఏ మెషీన్ ముట్టుకునేముందైనా వెనకవైపు ఫొటో తీసుకోమని అందరికీ చెప్తాను, మీ అమ్మాయికీ చెప్పండి.

ఇప్పుడు లెక్క. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న మామూలు సపోర్ట్ ఆగింది. కంపెనీలు కావాలంటే మెషీన్‌కి మొదటి ఏడాది 61 డాలర్లు కట్టి ప్యాచ్‌లు కొనుక్కోవచ్చు, ఏటా అది డబుల్ అవుతుంది, మూడేళ్ళే ఇస్తారు. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, ప్రాసెసర్ ఇంటెల్ అయితే ఎనిమిదో జనరేషన్ నుంచి. కాబట్టి 2028 దాకా ప్రతి కంపెనీలో ఏది కొనాలి, దేనికి డబ్బు కట్టాలి, దేన్ని నెట్ నుంచి తీసి విడిగా పెట్టాలి అనే గొడవ నడుస్తుంది, యంత్రాల పక్కన పెట్టడానికి విండోస్ 10 ఐఓటీ ఎల్‌టీఎస్‌సీ 2021 అని ఎక్కువకాలం సపోర్ట్ ఉండే రకం ఒకటుంది, దానికి 2032 జనవరి దాకా ప్యాచ్‌లు వస్తాయి, ఇలాంటివి నోటిమీద చెప్పగలిగే పిల్లని ఇంటర్వ్యూలో ఎవరూ చిన్నచూపు చూడరు.

కానీ 18 వేల దగ్గర ఎక్స్‌పీ ఒక్కటే పట్టుకుని ఉండిపోతే మీ చుట్టాల మాటే నిజమవుతుంది. నా సలహా, మొత్తం రెండున్నరేళ్ళు చాలు. ఈలోగా సాయంత్రాలు నెట్‌వర్కింగ్, సీసీఎన్ఏ (సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్) లెవెల్‌లో. తర్వాత లినక్స్. అక్కడా ఇదే కథ, సెంటాస్ 7 అనే లినక్స్‌కి సపోర్ట్ 2024 జూన్ 30న ఆగిపోయింది, దాన్ని వేరేదానికి మార్చే పని ఇంకా చాలాచోట్ల మిగిలే ఉంది. ఆ రెండూ వచ్చాక ప్లాంట్ల కంట్రోల్ సిస్టమ్స్ సెక్యూరిటీ, ఐఈసీ 62443 అనే స్టాండర్డ్ చదవమనండి. సైబర్ దాడి సంగతి తెలిసిన ఆరు గంటల్లో చెప్పాలని సర్ట్-ఇన్ (సైబర్ సెక్యూరిటీ చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) 2022లో ఆర్డర్ ఇచ్చినప్పట్నుంచీ కంపెనీలకి తమ దగ్గర ఏ మెషీన్ మీద ఏముందో రాసిపెట్టుకున్న మనిషి అవసరం బాగా తెలిసొచ్చింది. గూగుల్ వాళ్ళు ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్లు పెడతామని 2025 అక్టోబర్‌లో చెప్పారు, మంచిదే, అలాంటిచోటా ప్యాచ్ ఎప్పుడు ఎక్కించాలి, తేడావస్తే వెనక్కి ఎలా రావాలి అనే క్రమశిక్షణే అడుగుతారు. ఏఐ కోర్సు చెయ్యొద్దని కాదు, చేతిలో ఉన్న అనుభవం వదిలేసి, లక్ష కట్టి అమీర్‌పేటలో మళ్ళీ మొదటి బెంచీలో కూర్చోవడం ఎందుకని.

ఒక విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. ఆ కాంట్రాక్టర్ క్రాక్ చేసిన విండోస్, నెట్‌లో దొరికే యాక్టివేటర్లు ఎక్కించమంటే ఆరోజే మానేయమనండి, వాటిలోంచే వైరస్‌లు వస్తాయి, రేపు ఆడిట్‌లో దొరికితే మీద పడేది చిన్నవాళ్ళే. ఏడాదిన్నర దాటినా ప్రింటర్ టోనర్లు, కీబోర్డులు మార్చడమే చేయిస్తుంటే కూడా వేరే చోటు చూసుకోవాల్సిందే.

32 బిట్‌లో టైం లెక్కపెట్టే పాత యూనిక్స్, లినక్స్ మెషీన్లకి 2038 జనవరి 19న, మన టైం ప్రకారం పొద్దున్న 8 గంటల 44 నిమిషాలకి లెక్క అయిపోయి తేదీ 1901కి వెళ్ళిపోతుంది. అప్పటికి మీ అమ్మాయికి ముప్పయ్యారేళ్ళు ఉంటాయేమో, ఈ పనిలో సీనియర్ అయ్యే వయసు. ఈ ఆదివారం తను ఇంట్లో ఉన్నప్పుడు అడగండి, ఎన్ని మెషీన్లు చూస్తున్నావు, ఏది పోతే ప్లాంట్ ఆగుతుంది అని. వెంటనే నోట్‌బుక్ తెచ్చి చూపిస్తే మీరు కంగారు పడక్కర్లేదు, నోట్‌బుక్కే లేదంటే ఒకటి కొనిచ్చి ఆర్నెల్ల తర్వాత నాకు మళ్ళీ రాయండి.