చక్కెర సగానికి తగ్గించినా మఫిన్ తింటే షుగర్ ఎందుకు పెరుగుతోంది?

ప్రశ్న: డాక్టరు గారూ, నా వయసు 46. ఈమధ్య రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్షలో హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. షుగర్ అంచున ఉన్నారు, మందులు అక్కర్లేదు గానీ తిండి మార్చుకోండి అన్నారు. బేకింగ్ అంటే నాకు ప్రాణం. అందుకే మఫిన్లలో మైదా మానేసి రెండు కప్పుల గోధుమపిండి వేస్తున్నాను. కప్పు చక్కెరను అరకప్పు చేశాను. మరీ చప్పగా ఉండకుండా పావు కప్పు తేనె, బాగా మగ్గిన అరటిపళ్లు రెండు, అరకప్పు కిస్మిస్ కలుపుతున్నాను. ఎనిమిది మఫిన్లు వస్తాయి. ఉదయం పూట రెండు తింటాను. అయినా రెండు గంటల తర్వాత గ్లూకోమీటర్‌లో 170, 180 చూపిస్తోంది. పైగా మఫిన్లు బరువుగా వస్తున్నాయి, మర్నాటికి గట్టిపడిపోతున్నాయి. గోధుమపిండి కూడా మానేయాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: కొలతలతో సహా రాసి నా పని తేలిక చేశారు. చాలామంది ‘చక్కెర బాగా తగ్గించేశానండీ’ అంటారు. ఎంత అని అడిగితే మాత్రం చెప్పలేరు. మీ కొలతల్లోనే మీ ప్రశ్నకు జవాబు ఉంది, కాబట్టి కాసేపు లెక్క వేద్దాం.

కప్పు చక్కెర 200 గ్రాములు తూగుతుంది. మీరు 100 గ్రాములు తీసేశారు. పావు కప్పు తేనె దాదాపు 85 గ్రాములు, అందులో 70 గ్రాముల దాకా చక్కెరే. అంటే ఒక చేత్తో తీసిన 100లో 70 రెండో చేత్తో మళ్లీ పోసేశారు. సగం తగ్గిందనుకున్న తీపి నిజానికి ఆరో వంతు కూడా తగ్గలేదు. తేనె పువ్వుల నుంచి వచ్చినా ఒంట్లోకి వెళ్లాక గ్లూకోజ్, ఫ్రక్టోజే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో తేనెను, పళ్లరసాలను కూడా చక్కెర ఖాతాలోనే వేసింది. ఈ ఖాతా మొత్తం రోజువారీ శక్తిలో 10 శాతం దాటకూడదని, 5 శాతం లోపు ఉంటే ఇంకా మేలని చెప్పింది. రోజుకు 2,000 కేలరీలు తినేవారికి అవి 50, 25 గ్రాములు అవుతాయి. మీ మఫిన్ ఒక్కోదాంట్లో 21 గ్రాములున్నాయి. రెండు తింటే 42. రోజు ఇంకా మొదలైనా కాలేదు!

షుగర్ పెరగడానికి తీపి ఒక్కటే కారణం కాదు. రెండు కప్పుల గోధుమపిండిలో 170 గ్రాముల పైచిలుకు పిండిపదార్థాలుంటాయి. రెండు అరటిపళ్లలో 50, కిస్మిస్‌లో 60కి కాస్త అటూ ఇటూ. చక్కెర, తేనెల 170 కూడా కలిపి ఎనిమిదితో భాగిస్తే మఫిన్‌కి సుమారు 56 గ్రాములు. మీరు ఉదయం ఒక్క పూటలో 110 గ్రాములకు మించి తింటున్నారన్నమాట. మీలా అంచున ఉన్నవారిని నేను పూటకు 45 గ్రాముల దగ్గర ఆగమంటాను. 110 గ్రాములు తిన్నాక మీటరు 170 చూపించిందంటే తప్పు దానిది కాదు.

గోధుమపిండి మానొద్దు. 100 గ్రాముల గోధుమపిండిలో 10 గ్రాములకు పైగా పీచు ఉంటుంది, మైదాలో 3 గ్రాములైనా ఉండదు. పొట్టుతో, మొలకతో పాటు వచ్చే మెగ్నీషియం, బి విటమిన్లు కూడా మైదాలో చాలావరకు పోతాయి. ముడి ధాన్యం ఏళ్ల తరబడి తినేవారిలో గుండెజబ్బులు, మధుమేహం తక్కువగా కనిపిస్తున్నాయి. అయితే ఒక మెలిక ఉంది. మెత్తగా ఆడించిన పిండిలో పొట్టు ఉన్నా, గింజ నుజ్జయిపోయి ఉంటుంది కాబట్టి అందులోని పిండిపదార్థం త్వరగానే గ్లూకోజ్‌గా మారిపోతుంది. తిన్నది షుగర్‌ను ఎంత త్వరగా పెంచుతుందో చూపే గ్లైసీమిక్ ఇండెక్స్ పట్టికల్లో మామూలు బ్రెడ్డు, గోధుమ బ్రెడ్డు రెండూ 75కి దగ్గర్లోనే కనిపిస్తాయి. అందుకే ‘ఇది గోధుమపిండిదే కదా’ అని రెండోది అందుకోవడం కుదరదు. పిండి కాస్త బరకగా ఉంటే నయం. అన్నట్టు, పిండి జల్లిస్తున్నారా? జల్లెడలో మిగిలిన పొట్టును పారబోస్తే మైదా వైపు సగం దూరం వెనక్కి నడిచినట్టే. దాన్ని తిరిగి గిన్నెలో వేసేయండి.

ఇక మఫిన్లు గట్టిపడటం గురించి. ఇది డాక్టరు చెప్పాల్సిన సంగతి కాదేమో గానీ, రుచి లేని ఆరోగ్యాన్ని ఎవరూ పది రోజులకు మించి పాటించరు. గోధుమపిండితో నేను చేసిన మొదటి మఫిన్లను మా ఇంట్లో మర్యాదకైనా ఎవరూ రెండోసారి ముట్టలేదు. పొట్టు నీళ్లను బాగా పీల్చుకుంటుంది, కానీ తాపీగా పీల్చుకుంటుంది. కలిపిన వెంటనే ఓవెన్లో పెడితే ఆ పని లోపల జరుగుతుంది, అప్పుడు మఫిన్ ఎండిపోతుంది. మైదాకి పోసే పాల కన్నా రెండు మూడు టేబుల్ స్పూన్లు ఎక్కువ పోసి, పిండిని ఓ పావుగంట నాననివ్వండి. వంటసోడా ఒక్కటే వాడితే తడి తగలగానే పొంగు మొదలై నానేలోపు చల్లారిపోతుంది, బేకింగ్ పౌడర్ అయితే ఓవెన్ వేడికి మళ్లీ పొంగుతుంది. గరిటెతో పది పన్నెండు తిప్పులు చాలు, చిన్న చిన్న ఉండలు మిగిలినా ఫర్వాలేదు. నున్నగా అయ్యేదాకా తిప్పితే పిండిలోని జిగురు ప్రొటీన్ గ్లూటెన్ బిగిసి మఫిన్ సాగుతుంది.

చక్కెర కూడా తీపి కోసమే కాదు, తేమను పట్టి ఉంచుతుంది, పైన గోధుమ రంగు తెస్తుంది. అందుకే ఒక్కసారిగా తగ్గిస్తే మఫిన్ పాలిపోయి పొడిబారుతుంది. ఈ వారం పావు వంతు, అది అలవాటయ్యాక ఇంకో పావు వంతు తగ్గించండి. నాలుక కూడా అలాగే దారికొస్తుంది. ఆ తేమ లోటును పెరుగు, ఒక అరటిపండు పూడుస్తాయి.

నేనైతే మీ కొలతలను చివరికి ఇలా మారుస్తాను. గోధుమపిండి 160 గ్రాములు, రేకుల్లా ఉండే ఓట్స్ 60 గ్రాములు, చక్కెర 60 గ్రాములు, ఒకే ఒక్క అరటిపండు, కప్పు చప్పటి పెరుగు, రెండు గుడ్లు, పావు కప్పు నూనె, కిస్మిస్ బదులు గుప్పెడు వాల్‌నట్స్. తేనె వద్దు. చెంచాడు దాల్చినచెక్క పొడి వేస్తే తీపి తక్కువైన సంగతి అంతగా తెలియదు. ఈ మిశ్రమాన్ని ఎనిమిది కాదు, పన్నెండు గుంటల్లో పోయండి. మఫిన్‌కి పిండిపదార్థాలు 22 గ్రాముల దగ్గర, కలిపిన చక్కెర 5 గ్రాముల దగ్గర ఉంటాయి. ఒక మఫిన్, పక్కన ఉడికించిన గుడ్డో కాస్త పెరుగో పెట్టుకోండి, షుగర్ నెమ్మదిగా పెరుగుతుంది. మిగతావి చల్లారాక ఫ్రీజర్‌లో పెట్టేయండి. బల్ల మీద మూత తీసి ఉన్న మఫిన్ల ముందు నా నిగ్రహం కూడా నిలవదు.

ఓట్స్ వేశాం కాబట్టి కొలెస్ట్రాల్ తగ్గిపోతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. ఓట్స్‌లోని బీటా గ్లూకాన్ అనే పీచు రోజుకు 3 గ్రాములు అందితేనే ఆ ఫలితం. పైన చెప్పిన మఫిన్ ఒక్కోదాంట్లో అది 0.2 గ్రాములే ఉంటుంది.

‘షుగర్ ఫ్రీ’ పొడులు కలపొచ్చా అని ఎలాగూ అడుగుతారు. బరువు తగ్గడానికని వీటిని వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. అప్పటికే మధుమేహం ఉన్నవారికి ఆ సూచన వర్తించదు, మీకు వర్తిస్తుంది. నాకున్న అభ్యంతరం వేరు, అవి తీపి మోజును అలాగే ఉంచేస్తాయి.

కొత్త మఫిన్‌తో మూడు రోజులు, మొదటి ముక్క నోట్లో పెట్టినప్పటి నుంచి గడియారం చూసుకుని, సరిగ్గా రెండు గంటలకు షుగర్ రాసుకోండి. 140 లోపు వస్తుంటే ఈ కొలత మీ ఒంటికి సరిపడిందనుకోవచ్చు. హెచ్‌బీఏ1సీని మూడు నెలలు ఆగి చేయించండి, అది ఎర్ర రక్తకణాలకు అంటుకున్న గ్లూకోజ్‌ను కొలుస్తుంది, వాటి ఆయుష్షు 120 రోజులు కాబట్టి తొందరపడితే పాత లెక్కే కనిపిస్తుంది. ఈలోగా పరగడుపున 126 గానీ, తిన్న రెండు గంటలకు 200 గానీ తాకితే మాత్రం మూడు నెలలూ ఆగకుండా ల్యాబ్‌లో రక్తపరీక్ష చేయించుకుని మీ డాక్టరును కలవండి.